మహమ్మారికి ముహూర్తము పెట్టగలమా?



గ్రహణము ఎప్పుడు పట్టునో, ఎప్పుడు విడుచునో మన పంచాంగకర్తలు సంవత్సరమునకు ముందే ఘడియ విఘడియలతో వ్రాసి యుంచుదురు. నేను చిన్ననాట మా గురువుగారి యొద్ద సిద్ధాంత గణితము కొంత చదువుకొన్నవాడను. సూర్యగ్రహణమునాడు పళ్లెములో పసుపునీళ్లు పోసి, అందులో బింబమును చూచుచు, వ్రాసిన వేళకే స్పర్శకాలము వచ్చుట కన్నులార కన్నవాడను. లెక్క నిజమగుట చూచిన బాలునకు లెక్కయందు కలుగు భక్తి సామాన్యమైనది కాదు. ఆ భక్తియే నన్ను ముదిమిలో ఒక పొరపాటునకు ఈడ్చినది. ఆ సంగతి చెప్పి, దానితోపాటు కొంత చరిత్రమును మీకు విన్నవింప దలచితిని.

మాది గోదావరి డెల్టాలో ఒక చిన్న గ్రామము. ఉదయమున రామాలయము అరుగుపై కూర్చుండి వార్తాపత్రికను పైకి చదివి వినిపించుట నాకు బడి విడిచిననాటి నుండి అలవాటు. 2021వ సంవత్సరము ఏప్రిలు మొదటివారములో ఒక వార్త చదివితిని. కరోనా వ్యాధి రెండవ తరంగము ఆ నెల నడుమ శిఖరమునంటి, మే నెలాఖరునకు బాగుగా తగ్గిపోవునని కొందరు గణితజ్ఞులు లెక్కగట్టిరని అందులో నున్నది. ఆ యేడు శ్రీరామనవమి ఏప్రిలు 21న పడినది. వినుచున్న పెద్దలలో ఒకరు, ఆలయమునకు ధర్మకర్త, "మేష్టారూ, అయితే నవమినాటికి దిగిపోతుందన్నమాటేనా?" అని యడిగెను. నేను గణితము తెలిసినవాని వలె తలయూచి, "దిగకపోయినను దిగుముఖము పట్టియుండును" అని బదులు చెప్పితిని. ఆ వార్త చివరి పేరాలో, జనులు జాగ్రత్తలు విడువకున్నచో, వ్యాధి ఇప్పటి తీరుననే సాగినచో, అని రెండు మాటలు ఉండెను. నేను వానిని చదువలేదు. చదువుట మరచితినని చెప్పుకొనవచ్చును గాని, వాస్తవమేమనగా తేదీ దొరికిన తరువాత తక్కినది నాకు అనవసరముగ తోచినది.

భద్రాచలములో సైతము ఆ యేడు భక్తులు లేకయే కల్యాణము జరిపించిరి. మా యూర మాత్రము ఎప్పటివలెనే చలువపందిరి లేచినది. వడపప్పు, పానకము పంచిరి, పంక్తిభోజనములు పెట్టిరి. శిఖరమో? ఆంధ్రప్రదేశమున అది ఏప్రిలు నడుమ రాలేదు, ఏప్రిలు చివరను రాలేదు. మే 16న ఒక్కదినమే 24,171 మందికి వ్యాధి యున్నట్లు లెక్కకు వచ్చినది. రాష్ట్రమున అదియే పైమెట్టు. ఆ మే నెల మొదటి మూడు వారములలో మా గ్రామమున ఏడుగురు పోయిరి. నన్నడిగిన ధర్మకర్త వారిలో మూడవవాడు. పందిటిలో అంటుకొన్నదో, సంతలో అంటుకొన్నదో, పట్టణము నుండి వచ్చిన బంధువులు తెచ్చినదో చెప్పగలవారు లేరు. నేనును చెప్పజాలను. నా నోట వెడలిన తేదీ తప్పినదని మాత్రము చెప్పగలను.

ఆ పిమ్మట ఈ తేదీలు చెప్పు విద్య ఎక్కడ పుట్టినది, ఎన్నిమారులు ఫలించినది అని నాకు దొరికిన పుస్తకములలో వెదకుచు వచ్చితిని.

దీనికి ఆద్యుడు విలియం ఫార్ అను ఆంగ్లేయుడు. లండనులో జననమరణముల లెక్కలు చూచు కార్యాలయమున ఉద్యోగి. 1837వ సంవత్సరమున ఇంగ్లండులో మశూచికము విజృంభించి వేలకొలది ప్రాణములను గొనెను. ఆ మరణముల లెక్కలను మూడేసి నెలలకు ఒక మొత్తముగ పేర్చి చూడగా, అవి ఒక క్రమముతో పెరిగి, ఇంచుమించు అదే క్రమముతో తరిగినట్లు ఆయనకు కనబడినది. ఆ సంగతిని 1840లో ప్రకటించెను. వ్యాధి యెక్కుటకొక మెట్టు, దిగుటకొక మెట్టు. ఎక్కినంత సేపు చూచినచో దిగుట తెలియును, ఇది ఆయన కనుగొన్న సూత్రము. ఇరువదియారేండ్ల తరువాత దానిని పరీక్షించు సమయము వచ్చినది. 1865లో ఇంగ్లండు పశువులలో రిండరుపెస్టు అను మారి ప్రవేశించి మందలకు మందలను తుడిచివేయుచుండెను. పార్లమెంటులో పెద్దలు ఇక దేశమున గొడ్డు మిగులదని వాపోయిరి. ఫార్ ఒక పత్రికకు లేఖ వ్రాసి, చచ్చు పశువుల సంఖ్య పెరుగుచున్నను, పెరుగుదల వేగము తగ్గుచున్నది గనుక మారి త్వరలోనే శిఖరము దాటి అణగునని 1866 ఫిబ్రవరిలో చెప్పెను. కొన్ని వారములకు నిజముగనే అణగినది. ఆయన కీర్తి పెరిగినది.

కాని ఆ ఫిబ్రవరిలోనే రోగము సోకిన పశువులను వధింపవలెనని ఇంగ్లండులో చట్టము వచ్చినది. మారి తనంత తానే శిఖరము దిగినదా, చట్టము దానిని క్రిందికి త్రోసినదా? లెక్క గెలిచినదా, కత్తి గెలిచినదా? ఈ ప్రశ్నకు ఉత్తరము ఎవరును తేల్చి చెప్పలేరు. ఏలన చట్టము లేని ఇంగ్లండు వేరొకటి లేదు గదా, పోల్చి చూచుటకు.

ఫార్ సూత్రమునే నమ్మి 1990లో అమెరికాలో ఇద్దరు పండితులు ఎయిడ్సు వ్యాధికి లెక్కగట్టిరి. అది 1988 చివరనే శిఖరము దాటినదనియు, మొత్తము 2 లక్షల రోగులతో 1995 ప్రాంతమునకు సమసిపోవుననియు చెప్పిరి. 1995 నాటికి ఆ దేశమున రోగుల లెక్క 5 లక్షలు దాటినది. వారు అల్పజ్ఞులు కారు. ఎక్కినంత సేపు చూచిన దిగుట తెలియునను మాటను ఉన్నదున్నట్లు పట్టుకొనిరి, అంతియే.

ఈ విద్యకు మన తెలుగునేలతో ఒక సంబంధము కలదు. సికింద్రాబాదులో 1897 ఆగస్టు 20న రొనాల్డు రాస్ అను సైనిక వైద్యుడు దోమ కడుపులో మలేరియా బీజమును కనుగొన్న సంగతి మనలో పలువురెరుగుదురు. ఆయన తరువాతి కాలమున ఆ వ్యాధికి గణిత సమీకరణములు వ్రాసెనని ఎరిగినవారు కొలదిమంది. ఆయన లెక్కవేసినది వ్యాధి ఏ తేదీన తగ్గునని కాదు. దోమ నొక్కటి విడువక చంపనక్కరలేదనియు, ఒక హద్దునకు దిగువగ వాని సంఖ్య తగ్గించినచో మలేరియా తనంత తానే క్షీణించుననియు ఆయన లెక్క చెప్పినది. ఎప్పుడను ప్రశ్నను విడిచి, ఏమి చేసిన నేమగునను ప్రశ్నను పట్టుకొనెను. నాకు ఈ మార్గము మిక్కిలి నచ్చినది.

రాస్ అడుగుజాడలలో నడచినవారు మెకెండ్రిక్, కెర్మాక్ అను ఇద్దరు. మొదటివాడు మన దేశమున వైద్యశాఖలో పనిచేసినవాడు. రెండవవాడు ప్రయోగశాలలో జరిగిన ప్రమాదమున కన్నులు పోగొట్టుకొన్న రసాయనశాస్త్రజ్ఞుడు. వీరు 1927లో వ్రాసిన సమీకరణములే నేటికిని ఈ విద్యకు మూలము. వ్యాధి సోకదగినవారు, సోకినవారు, కోలుకొన్నవారు అని జనులను మూడు రాసులుగ పోసిరి. మొదటి రాసి తరుగుకొలది వ్యాధికి మేత చాలక శిఖరము దిగునని వారి సిద్ధాంతము. తమ లెక్క నిజమని చూపుటకు వారు తీసుకొన్న ఉదాహరణము బొంబాయి ప్లేగు. 1905 డిసెంబరు నుండి 1906 జూలై వరకు ఆ నగరమున వారము వారము చచ్చినవారి సంఖ్యను గీసి, దానిపై తమ వక్రరేఖను గీయగా, రెండును చక్కగ కలిసినవి.

ఇచ్చట కొంచెము నిలిచి చూడవలెను. బొంబాయికి ప్లేగు 1896లో వచ్చినది. వేసవిలో తగ్గినది, పోయినదనుకొనిరి. చలికాలమున మరల వచ్చినది. ఏటేట వచ్చి, ఏటేట ఎండలకు తగ్గుచు, రెండు దశాబ్దములకు పైగా దేశమును పీడించి, కోటికి మించిన ప్రాణములను గొన్నది. ఎండలు ముదిరినప్పుడు ఎలుకల మీది గోమార్లు నశించును. అందుచే వ్యాధి తగ్గును. అనగా 1906 వేసవిలో బొంబాయి ప్లేగు దిగినది సోకదగినవారు తరిగిపోవుటచే కాదు, ఋతువు మారుటచే. అయినను ఆ రేఖ కలిసినది! వేర్వేరు కారణములు ఒకే తీరు రేఖను గీయగలవు. రేఖ కలిసినదని కారణము తెలిసినదనుకొన్నచో, రాబోవు చలికాలము మన యింటి తలుపు తట్టువరకు మేలుకొనము. ఈ లోపమును నేటి గణితజ్ఞులే శోధించి బయటపెట్టిరి. వారికి ఆ ఘనత చెల్లవలెను.

1918 సంగతి మీ తాతలు చెప్పగా వినియుందురు. ఆ జూనులో బొంబాయి రేవున ఇన్‌ఫ్లుయెంజా దిగినది. నాలుగైదు వారములు దగ్గులు, జ్వరములు, మరణములు కొద్ది. జూలైలో తగ్గుముఖము పట్టినది. అదియే శిఖరమని, ఇక భయము లేదని తలచుటకు కావలసినంత ఆధారముండెను. సెప్టెంబరులో తిరిగి వచ్చినది వేరొక జ్వరమువలె వచ్చినది. పడుచువారిని, బాలింతలను, కాయకష్టము చేయువారిని ఏరికోరి గొనిపోయినది. ఆ యేడు వర్షములు సైతము లేవు. బొంబాయిలో అక్టోబరు మొదట ఉచ్చస్థితికి వచ్చి, అచ్చట తగ్గిన తరువాత గాని వంగదేశమున పైకి రాలేదు. మొత్తము మీద మన దేశమున పోయినవారు 1 కోటి 20 లక్షల నుండి 1 కోటి 80 లక్షల వరకు ఉందురని చరిత్రకారుల అంచనాలు. 1911కును 1921కిని నడుమ దేశ జనసంఖ్య పెరుగుటకు మారు తగ్గినది. జనాభా లెక్కలు మొదలుపెట్టినది మొదలు అట్టి దశాబ్దము మరియొకటి లేదు.

ఇక మన కాలమునకు వత్తము. 2020 ఏప్రిలు 24న దేశరాజధానిలో అధికారులు చూపిన యొక చిత్రపటమున క్రొత్త రోగుల రేఖ మే 16 నాటికి సున్నకు దిగునట్లు గీయబడి యుండెను. మే 16 వచ్చినది. దినమునకు నాలుగైదు వేల క్రొత్త రోగులు లెక్కకు వచ్చుచుండిరి. తాము సున్న యగునని చెప్పలేదని పిదప వివరణ మిచ్చిరి. ఆ సంవత్సరము సెప్టెంబరులో దినమునకు 97 వేలు దాటి, తరుగ నారంభించినది. అక్టోబరులో ప్రభుత్వ శాస్త్రశాఖ నియమించిన పండిత సంఘము తన నివేదికను వెలువరించినది. శిఖరము దాటినదనియు, జాగ్రత్తలు విడువకున్నచో 2021 ఫిబ్రవరి నాటికి వ్యాధి మిక్కిలి స్వల్పమగుననియు, అప్పటికే నూటికి ముప్పదిమందికి వ్యాధి సోకి యుండుననియు అందులో చెప్పిరి. రెండు మూడు నెలల తరువాత దేశవ్యాప్తముగ రక్తపరీక్షలు చేసి చూడగా నూటికి ఇరువది యొకరికి మాత్రమే సోకిన జాడ కనబడినది.

అయినను ఫిబ్రవరి వచ్చినప్పుడు దినమునకు వ్యాధిగ్రస్తులు పదివేలకు దిగువకు వచ్చిరి. లెక్క ఫలించినదని అందరును నమ్మిరి. నేనును నమ్మితిని. లెక్క తప్పుటకన్న, తప్పుడు కారణముతో ఒప్పగుట ఎక్కువ చేటు తెచ్చునని అప్పుడు నాకు తెలియదు. డెల్టా అను క్రొత్త రూపము మన దేశముననే తలయెత్తి, ఆ లెక్కలన్నిటిని త్రోసిరాజనెను. మే 6న ఒక్కనాడే 4,14,188 మంది. ఆ సంఖ్యను అక్టోబరులో ఎవరైన చెప్పియుండిన పిచ్చివాడందుము.

ఇంతకును ఈ దేశపు శిఖరము, మే 6, ఎవరి శిఖరము? మహారాష్ట్రము, ఢిల్లీ ఏప్రిలు మూడవ వారముననే పైమెట్టుకు వచ్చినవి. కేరళకు మే 12న, మనకు మే 16న, తమిళనాడునకు ఇంకొక వారమునకు వచ్చినది. దేశమంతయు దిగిన పిదప ఆగస్టు చివరను కేరళలో దినమునకు 30 వేలు దాటుచుండెను. దేశము యొక్క శిఖరమనునది అందరి కొండలను కలిపి గీసిన యొక ఊహ. దానిని చూచి ఒక జిల్లా, ఒక గ్రామము తన పందిరికి తేదీ పెట్టుకొనుట, ఢిల్లీలో వాన కురిసినదని కోనసీమలో నారు పోయుటవంటిది. సంఖ్య ఎంత పెద్దదో అంత నమ్మదగినదని మనకొక భ్రమ. మా గ్రామమునకు పనికివచ్చు సంఖ్య మా మండలమున ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో ఉండెను. నేను దానిని అడుగనే లేదు.

గోదావరి వరద ఎప్పుడు పైకి వచ్చునో మన ఇంజనీర్లు చక్కగ చెప్పుదురు గదా, రోగమునకు ఏల చెప్పలేరని మీరడుగవచ్చును. 1986 ఆగస్టులో భద్రాచలమున నీరు 75.6 అడుగులకు లేచినప్పుడు, ఆ నీరంతయు పిదప ధవళేశ్వరమునకు రావలసినదే, దారి ఒక్కటే. ఎగువ కొలబద్ద యున్నది, దిగువ కొలబద్ద యున్నది. రోగమునకు ఎగువ కొలబద్ద లేదు. నేడు లెక్కకు వచ్చిన రోగికి వ్యాధి అంటినది వారము పదిదినముల క్రిందట. జ్వరము వచ్చి పరీక్షకు పోనివారెందరో మా వీధిలోనే నే నెరుగుదును. పరీక్షించు సామగ్రి కొరతపడిన వారమున రోగుల సంఖ్య తగ్గును; అదియే శిఖరమని రేఖ గీయవచ్చును.

మరియొక చిక్కు చిన్నపిల్లల గుణకారములో నున్నది. నల్లబల్లపై వ్రాసినట్లు చెప్పెదను. నూరుగురు రోగులున్నారనుకొనుడు. అయిదు దినముల కొకమారు రెట్టింపగునని ఒకడు కొలిచెను; ఆరు దినములకని ఇంకొకడు. రెండు నెలలలో మొదటివాని లెక్కకు 4,09,600. రెండవవాని లెక్కకు 1,02,400. కొలతలో భేదము ఒక్క దినము. ఫలములో నాలుగు రెట్లు. జ్వరముల నడుమ, పరుగుల నడుమ ఆ ఒక్క దినమును ఖచ్చితముగ కొలువగలవాడెవడు?

గ్రహణమునకును మహమ్మారికిని గల ముఖ్యభేదము నాకు చాల ఆలస్యముగ తోచినది. పంచాంగము చదివి చంద్రుడు తన నడక మార్చుకొనడు. మనుష్యుడు మార్చుకొనును. రోగము పెరుగునని చెప్పినచో జనులు ఇండ్లలో నుందురు, అది తగ్గును. తగ్గునని చెప్పినచో పందిళ్లు వేయుదురు, అది పెరుగును. చెప్పిన మాటయే చెప్పబడిన విషయమును మార్చివేయును. సూర్యసిద్ధాంతమున దీనికి సంస్కారము లేదు.

గణితమును నేను నిందించుట లేదని మనవి. వారము పదిదినములకు చెప్పు అంచనాలు పడకలు, ప్రాణవాయువు సమకూర్చువారికి ఎంతయో సాయపడినవి. లెక్కగట్టిన పెద్దలలో పలువురు తమ లెక్కకు "అయినచో" లను జోడించియే చెప్పిరి. ఆ మాటలు ఢిల్లీ నుండి పత్రికకు, పత్రిక నుండి అరుగునకు వచ్చులోపల రాలిపోయినవి. కడపటివానిని రాల్చినది నేను.

చరకసంహితలో విమానస్థానమున జనపదములకు జనపదములే నశించు వ్యాధులను గూర్చి ఒక అధ్యాయము కలదు. ఆత్రేయుడు కాంపిల్యమున గంగాతీరమున సంచరించుచు అగ్నివేశునితో చెప్పినది. వాయువు, జలము, దేశము, కాలము అను నాలుగును చెడుటచే ఒకే వ్యాధి భిన్నప్రకృతులు గల జనుల నందరిని పట్టునని అందు కలదు. అధ్యాయము నంతటిని మరల చదివితిని. తేదీ యెక్కడను లేదు. నేల సారము తప్పక మునుపే ఓషధులను సేకరించి యుంచుకొమ్మని శిష్యునకు చెప్పు మాట మాత్రము మొదటిలోనే యున్నది. చిన్ననాట ఈ అధ్యాయమును వల్లెవేసినప్పుడు ఆ వాక్యము మీదుగ నడచిపోతిని.

2022 జనవరిలో, సంక్రాంతి వెళ్లిన మరునాడు, మరల అరుగుపై పత్రిక తెరచితిని. ఒమిక్రాను అను రూపముతో మూడవ తరంగము వచ్చియుండెను. అది ఎప్పుడు దిగునో వ్రాసిరి. ఆనాడు అయిదుగురమే కూర్చుంటిమి, ఎడమెడముగ. వార్తను చివరి పేరా నుండి మొదలుపెట్టి చదివితిని. పోయిన ధర్మకర్తగారి తమ్ముడు కొంతసేపు విని, "తేదీ చదవలేదేం మేష్టారూ?" అనెను. "రెండు తేదీలున్నవండీ, రెంటికిని 'అయినచో' ఉన్నది" అంటిని. ఆయన భుజము మీది కండువాను ముక్కునకు చుట్టుకొని, "అయితే పందిరి మాట నవమి ముందర చూద్దాం" అని లేచెను.